డ్రైవర్ కోసం వెతికే ముందు కేబుల్ మార్చి చూడండి

పాటల ప్లేయర్ల మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నీ ఫోన్లోనే వినే ఈ రోజుల్లో కూడా బీరువాల్లో, ట్రంకు పెట్టెల్లో ఇన్ని బుల్లి ప్లేయర్లు దాచుకున్నారంటే వాటిలో మీకు కావలసినవేవో ఉన్నాయన్నమాట. రాజమండ్రిలో 2004లో సర్వీసు కౌంటర్ తెరిచినప్పటి నుంచి ఇవి నా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వీటికే.

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్లు మా ఊరి రామాలయంలో భజనలు పాడారు. 2011లో ఆయనకు శాన్‌డిస్క్ సాన్సా క్లిప్ ప్లస్ కొనిచ్చాను. పాటలు వినడమే కాకుండా, దానికున్న మైకుతో తాను పాడినవి కూడా రికార్డు చేసుకునేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు దాన్ని విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు పెడితే ఛార్జింగ్ అవుతోంది గానీ డ్రైవ్ రావడం లేదు. కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఎంటీపీ యూఎస్‌బీ డివైస్ అని, దాని పక్కన పసుపు గుర్తు ఉంది. మా అబ్బాయి నెట్‌లో డ్రైవర్ దొరికింది, వేసేస్తానంటున్నాడు. ఏది నొక్కితే ఏం పోతుందోనని టెన్షన్‌గా ఉంది. — ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ముందు ఆ డౌన్‌లోడ్ ఆపించండి. ఆ ప్లేయర్‌కు విడిగా డ్రైవర్ అక్కర్లేదు. పసుపు గుర్తు వచ్చినంత మాత్రాన లోపలి రికార్డింగులు పోయినట్టు కాదు. కంప్యూటర్‌కూ ప్లేయర్‌కూ మాట కలవడం లేదని చెప్పడానికే ఆ గుర్తు. డివైస్ మేనేజర్ దాకా పేరు వచ్చిందంటే మీ కేబుల్ కూడా పనిచేస్తున్నట్టే.

డ్రైవర్ అంటే దుబాసీ అనుకోండి. ప్లేయర్ ఒక భాషలో మాట్లాడుతుంది, విండోస్ మరో భాషలో వింటుంది, మధ్యలో డ్రైవర్ నిలబడి ఒకరి మాట మరొకరికి చేరవేస్తుంది. మీ సాన్సాకు రెండు భాషలు వచ్చు. మొదటిది మాస్ స్టోరేజ్, మెనూలో ఎంఎస్‌సీ అని ఉంటుంది. పెన్‌డ్రైవ్ మాట్లాడేది ఇదే భాష. ఇందులో ప్లేయర్ తన గోదాము తాళాలు కంప్యూటర్ చేతికి ఇచ్చేస్తుంది. కంప్యూటరే లోపలికి వెళ్లి సరుకు తెచ్చుకుంటుంది. రెండోది ఎంటీపీ. ఇందులో ప్లేయర్ కిరాణా కొట్టు షావుకారులా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఫలానా పాట కావాలని కంప్యూటర్ అడిగితే తనే తెచ్చి ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఈ పద్ధతిని 2008లో యూఎస్‌బీ ప్రమాణాల్లో చేర్చారు. షావుకారికీ మీకూ మాట కలవకపోతే కొట్టు నిండా సరుకున్నా మీ చేతికి ఒక్క పొట్లం కూడా రాదు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

కేబుల్ తీసేయండి. ప్లేయర్ ఆన్ చేసి సెట్టింగ్స్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌కు వెళ్లండి. అక్కడ యూఎస్‌బీ మోడ్ అని ఉంటుంది. దాంట్లో ఆటో డిటెక్ట్ పెట్టి ఉంటుంది, అందుకే విండోస్‌ను చూడగానే ఎంటీపీలోకి వెళ్లిపోతోంది. దాన్ని ఎంఎస్‌సీకి మార్చి మళ్లీ కేబుల్ పెట్టండి. పెన్‌డ్రైవ్ పెట్టినప్పటిలాగే కొత్త డ్రైవ్ రావాలి. అందులో రికార్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది. మైకుతో చేసినవన్నీ దానిలోపల వేవ్ ఫైళ్లుగా ఉంటాయి. ఎంటీపీలో ఉండగా ఎక్కించిన సినిమా పాటలు కొన్ని ఎంఎస్‌సీలో కంప్యూటర్‌కు కనిపించకపోవచ్చు. కంగారుపడకండి, మోడ్ మళ్లీ మారిస్తే అవీ వస్తాయి.

ఇక ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. తెర మీద ఎప్పుడైనా ఈ డిస్క్‌ను వాడే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని వస్తే క్యాన్సిల్ నొక్కండి. ఎవరు పక్కన నిలబడి ఏం చెప్పినా సరే. 2007లో కడియం నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి ఇలాగే ఒక ప్లేయర్ తెచ్చారు. ఆ ప్రశ్న వచ్చింది, నేను అవును అని నొక్కాను. పాటలన్నీ మళ్లీ ఎక్కించి ఇచ్చాను, ఆయన సంతోషంగా వెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చి, మా మనవరాలి మొదటి మాటలు ఇందులో ఉండాలి బాబూ, కనిపించడం లేదు అన్నారు. రెండు రాత్రులు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కూర్చున్నాను. పాతవాటి మీద నేనే కొత్త పాటలు రాసేశాను కాబట్టి సగం కూడా తిరిగి రాలేదు. వచ్చినవాటిలో ఆ పాప గొంతు లేదు. ఆ రోజు నుంచి, ఇందులో మీవాళ్ల గొంతులేమైనా ఉన్నాయా అని అడగందే నేను ఏ ప్లేయర్‌కూ కేబుల్ పెట్టను.

రికార్డింగులు కంప్యూటర్‌లోకి వచ్చాక ప్రతిదాన్నీ తెరిచి చివరిదాకా వినండి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు పూర్తిగా వచ్చినట్టు కాదు. వేరే పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మీ తోబుట్టువుల ఇంట్లో మరో కాపీ ఉంచండి. ప్లేయర్‌లో ఉన్నవి మాత్రం చెరపకండి. కొని ఇన్నేళ్లయింది కాబట్టి బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో తెలియదు. ఈ పని పండగ దాకా వాయిదా వేయకుండా ఈ వారమే చేయండి. పని పూర్తయ్యాక నాకు రెండు ముక్కలు రాస్తే సంతోషిస్తాను.

ప్రశ్న: అన్నా, నా దగ్గర చైనా ఎంపీ3 ప్లేయర్ ఉంది. ఛార్జింగ్ ఎక్కుతది కానీ కంప్యూటర్‌లో ఏం రాదు. టింగ్ మని శబ్దం కూడా రాదు. మూడు వెబ్‌సైట్ల నుంచి మూడు డ్రైవర్లు వేసిన. ఇప్పుడు కంప్యూటర్ కూడా స్లో అయింది, ఎప్పుడూ ఏవో యాడ్స్ వస్తున్నయి. అసలు డ్రైవర్ ఎక్కడ దొరుకుతది? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, శబ్దం కూడా రాలేదంటే గొడవ ఇంకా డ్రైవర్ దాకా రాలేదు. ముందు కేబుల్ మార్చు.

మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకు. ఆకుపచ్చ, తెలుపు సమాచారానికి. టార్చిలైట్లతో, చిన్న స్పీకర్లతో వచ్చే చవక కేబుళ్లలో చాలావాటికి ఎరుపు, నలుపు మాత్రమే ఉంటాయి. వాటితో ఛార్జింగ్ బ్రహ్మాండంగా అవుతుంది, కంప్యూటర్‌కు మాత్రం ఒక్క అక్షరం చేరదు. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేలాలంటే అదే కేబుల్‌తో, ఆ పిన్ను పట్టే ఫోనునో పాత డిజిటల్ కెమెరానో కంప్యూటర్‌కు పెట్టు. ఫొటోలు వస్తే కేబుల్ మంచిదే. నా కౌంటర్‌కు ప్లేయర్ కనిపించడం లేదని వచ్చేవాళ్లలో ఎక్కువమందిని నేను పంపేది కేబుల్ కొనుక్కోమనే. పాత ప్లేయర్లకు పట్టేది మినీ యూఎస్‌బీ. ఇది మైక్రో కంటే లావుగా ఉంటుంది, ఇప్పుడు ప్రతి షాపులోనూ ఉండదు. పాత కెమెరాల డబ్బాల్లో వెతుకు. డెస్క్‌టాప్ అయితే సీపీయూ వెనకవైపు పోర్టుకే పెట్టు, హబ్ మధ్యలో వద్దు.

కేబుల్ మార్చాక శబ్దం వచ్చి డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తే, దాని మీద రెండుసార్లు నొక్కి కోడ్ చూడు. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదని. కోడ్ 10 అంటే పరికరం మొదలు కాలేకపోయిందని. కోడ్ 43 అంటే పరికరమే ఏదో తప్పు జరిగిందని విండోస్‌కు చెప్పుకుందని. కోడ్ 43తో పాటు అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్ అని వస్తే కేబులో, పోర్టో, ప్లేయర్ సాకెట్టులో టంకమో చూసుకోవాలి. దానికి ఏ డ్రైవరూ మందు కాదు.

డబ్బా మీద ఏ పేరున్నా, లోపల ఎవరి చిప్ ఉందో తెలుసుకునే దారి ఒకటుంది. అదే కిటికీలో డీటెయిల్స్ అనే ట్యాబ్‌కు వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకో. వీఐడీ అని ఉండి దాని తర్వాత నాలుగు అక్షరాల నంబరు వస్తుంది. అది కంపెనీ ఇంటిపేరు లాంటిది. 0781 శాన్‌డిస్క్‌ది, 054సి సోనీది, 041ఈ క్రియేటివ్‌ది. 10డి6 కనిపిస్తే యాక్షన్స్ అనే చైనా కంపెనీ చిప్. పైన పెద్ద బ్రాండు పేరుండి లోపల ఈ నంబరు వస్తే, ఆ బ్రాండు సైట్లో డ్రైవర్ కోసం వెతికి లాభం లేదు. అయినా ఈ రకం ప్లేయర్లు మాస్ స్టోరేజ్‌లోనే కనిపిస్తాయి, దానికి కావలసినది విండోస్‌లో ముందే ఉంది.

ఇక నువ్వు వేసిన మూడింటి సంగతి. సెట్టింగ్స్‌లో యాప్స్‌ను తేదీల వరసలో పెట్టి, ఆ రోజు నువ్వు వేసినవీ, వాటితో పాటు చొరబడినవీ తీసేయ్. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి షో హిడెన్ డివైసెస్ పెడితే బూడిద రంగులో పాత పేర్లు వస్తాయి. వాటిలో ఆ ప్లేయర్‌వి మాత్రం అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అప్పుడు కేబుల్ పెట్టు. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీతో ఒకసారి ఫుల్ స్కాన్ కూడా చేయించు. అన్ని డ్రైవర్లూ మేమే చూసుకుంటాం అనే సాఫ్ట్‌వేర్లను ఇంట్లోకి రానివ్వకు. కంపెనీ సొంత సైటు, విండోస్ అప్‌డేట్, ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా డ్రైవర్ తీసుకోవద్దు.

ప్రశ్న: నమస్తే అండీ. మ్యూనిక్‌లో ఎంఎస్ చదువుతున్నాను. నా సోనీ వాక్‌మన్ ఎన్‌డబ్ల్యూ-ఏ105 విజయవాడలో మా ఇంటి కంప్యూటర్‌కు బాగానే కనెక్ట్ అయ్యేది. ఇక్కడ కొన్న ల్యాప్‌టాప్‌కు పెడితే ఎంటీపీ డ్రైవర్ లేదంటోంది. విండోస్ 11 ప్రో ఎన్ అని ఉంది. కేబుల్ మార్చి చూశాను. — ఒక పాఠకురాలు, జర్మనీ

జవాబు: జవాబు మీ ప్రశ్నలోనే ఉందమ్మా. ఆ చివరి ఎన్ అక్షరమే కారణం. విండోస్‌తో పాటు మీడియా ప్లేయర్‌ను అంటగట్టడం తప్పని 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌ మీద తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత యూరప్ కోసం మీడియా భాగాలు తీసేసిన ఎన్ రకం విండోస్ వచ్చింది. వాటితో పాటే ఎంటీపీ పరికరాలకు కావలసిన భాగాలు కూడా పోయాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి మీడియా ఫీచర్ ప్యాక్ అని వెతికి వేసుకోండి. ఉచితమే. వేశాక రీస్టార్ట్ తప్పనిసరి.

మీ మోడల్ ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది కాబట్టి ఇంకో చిన్న పని ఉంది. కేబుల్ పెట్టగానే తెర పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. లేకపోతే ఛార్జింగ్ దగ్గరే ఆగిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా పసుపు గుర్తు ఉంటే, దాని మీద కుడి బటన్ నొక్కి అప్‌డేట్ డ్రైవర్‌కు వెళ్లండి. నెట్‌లో వెతకమనకుండా కంప్యూటర్‌లోనే చూస్తానని చెప్పి, జాబితాలోంచి నేనే ఎంచుకుంటానన్న దారి పట్టండి. పోర్టబుల్ డివైసెస్ కింద స్టాండర్డ్ ఎంటీపీ డివైస్, అందులో ఎంటీపీ యూఎస్‌బీ డివైస్ ఉంటాయి. అది నొక్కితే చాలు. మోడ్ మార్చుకునే మెనూ లేని ఎంటీపీ ప్లేయర్లు ఎవరి దగ్గరున్నా ఇదే దారి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య తన పాత ఐపాడ్ క్లాసిక్ ఇచ్చాడు. నిండా పాత తెలుగు పాటలే. మా విండోస్ కంప్యూటర్‌కు పెడితే ఫార్మాట్ చేయమంటోంది. ఐట్యూన్స్ వేస్తే రీస్టోర్ చేయమంటోంది. — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండూ చేయకండి. ఫార్మాట్ అన్నా రీస్టోర్ అన్నా పాటలు పోవడమే.

మీ అన్నయ్య బహుశా మ్యాక్ కంప్యూటర్‌తో దాన్ని సిద్ధం చేసి ఉంటారు. మ్యాక్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ను విండోస్ తనంతట తాను చదవలేదు. విండోస్ పద్ధతిలో చేసినదైతే రెండు చోట్లా పనిచేస్తుంది. ఐపాడ్ సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి మధ్య బటన్ నొక్కుతూ పోండి. ఫార్మాట్ విండోస్ అన్న మాట ఎక్కడా కనిపించకపోతే అది మ్యాక్‌దే. గుంటూరులో మ్యాక్ ఉన్న స్నేహితుడో, డిజైనింగ్ చేసే కుర్రాడో దొరక్కపోరు. దాంట్లో పెడితే డిస్కులా తెరుచుకుంటుంది. సింక్ చేయమంటారా అని అడిగితే మాత్రం వద్దనండి. సింక్ అంటే ఆ కంప్యూటర్‌లో ఉన్న పాటలు పెట్టి మీవి తీసేయడమే.

లోపల ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డర్ ఉంటుంది. అది దాచిపెట్టిన ఫోల్డర్, కాబట్టి దాగినవి చూపించమని పెట్టుకోవాలి. అందులో మ్యూజిక్, దాని లోపల ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా ఫోల్డర్లు. పాటల పేర్లు అర్థంపర్థం లేని నాలుగక్షరాలుగా కనిపిస్తాయి. చూసి నిరాశపడకండి. పాట పేరు, గాయకుల పేరు ఫైలు లోపలి ట్యాగుల్లో భద్రంగానే ఉంటాయి, ఏ మ్యూజిక్ ప్లేయర్‌లో తెరిచినా బయటపడతాయి. మొత్తం ఫోల్డర్‌ను కాపీ చేసుకుని, అప్పుడు కావాలంటే మీ విండోస్ దగ్గర రీస్టోర్ చేసుకోండి. డిస్కులా కనిపించే ఈ పాత ఐపాడ్‌లకు విడిగా యాపిల్ డ్రైవర్ అక్కర్లేదు. ఐపాడ్ టచ్‌కే అది కావాలి. యాపిల్ 2022 మేలో ఐపాడ్‌ల అమ్మకం ముగించేసింది, మీ చేతిలో ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

ప్రశ్న: 2003లో కొన్న 128 ఎంబీ ప్లేయర్ ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తోంది. దాంతో వచ్చిన డ్రైవర్ సీడీని ఇన్నేళ్లూ దాచాను. కొత్త ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు. మరి డ్రైవర్ ఎలా వేయాలి? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, ఆ సీడీ అప్పట్లో కూడా విండోస్ 98 ఉన్నవాళ్లకోసం ఇచ్చిందే. యూఎస్‌బీ మాస్ స్టోరేజ్‌కు కావలసిన దుబాసీ ఆ విండోస్‌లో ఉండేవాడు కాదు. విండోస్ 2000, ఎంఈ నుంచి లోపలే ఉన్నాడు. మీ ప్లేయర్‌ను నేరుగా కొత్త ల్యాప్‌టాప్‌కు పెట్టి చూడండి. దాని మీద పాత డ్రైవర్ వేయించుకోవద్దు. ఆ కాలపు 32 బిట్ విండోస్‌కు రాసిన డ్రైవర్ ఇప్పటి 64 బిట్ విండోస్‌లో పనిచేయదు.

మీ ఉత్తరం చివర ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ కూడా ఉందన్నారు. దానికి ఎంటీపీ ప్లేయర్ ఏదైనా పెట్టాలంటే విండోస్ మీడియా ప్లేయర్ 10 గానీ 11 గానీ ఉండాలి. ఆ కంప్యూటర్‌లో నెట్‌వర్క్ డ్రైవ్‌లు పెట్టుకున్నారేమో కూడా చూడండి. ప్లేయర్‌కు రావలసిన డ్రైవ్ అక్షరాన్ని (ఈ, ఎఫ్ లాంటిది) అవి ఆక్రమిస్తే, ప్లేయర్ కనెక్ట్ అయి కూడా మై కంప్యూటర్‌లో కనిపించదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ప్లేయర్‌కు వేరే అక్షరం ఇవ్వండి.

ప్రశ్న: హైరెస్ (మామూలు కంటే నాణ్యమైన శబ్దం ఇచ్చే) ప్లేయర్‌ను కంప్యూటర్‌కు డాక్‌గా (డీఏసీ, అంటే డిజిటల్ పాటను వినిపించే శబ్దంగా మార్చే పరికరంగా) వాడుతున్నాను. విండోస్ 11లో పాట వస్తుంది, మా ఆఫీసు విండోస్ 7లో రాదు. — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ ప్లేయర్లు శబ్దం కోసం వాడేది యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే పద్ధతి. దానికి సొంత డ్రైవర్ విండోస్‌లోకి వచ్చింది 2017లో, విండోస్ 10 వెర్షన్ 1703తో. అంతకుముందు విండోస్‌లకు ప్లేయర్ కంపెనీ ఇచ్చే డ్రైవరే దిక్కు, కంపెనీ సైట్లో మీ మోడల్ పేరు కింద చూడండి. ముందు డ్రైవర్ వేసి, తర్వాత ప్లేయర్ పెట్టండి. ఆఫీసు కంప్యూటర్ కాబట్టి అక్కడి ఐటీ వాళ్లను అడిగే చేయండి.

ప్రశ్న: ప్లేయర్‌కు 64 జీబీ కార్డు వేశాను. కంప్యూటర్‌లో కార్డు బాగానే ఉంది, ప్లేయర్ మాత్రం చదవడం లేదు. 8 జీబీ కార్డు చదువుతోంది. ఇది కూడా డ్రైవర్ సమస్యేనా? — ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదండీ. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి. పాత ప్లేయర్లకు ఫ్యాట్32 మాత్రమే తెలుసు. కార్డులో ఉన్నవి వేరేచోట దాచుకుని, దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. విండోస్ కిటికీలో 32 జీబీ దాటిన కార్డుకు ఆ ఎంపిక కనిపించకపోతే, దానికోసం వేరే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చాలా ప్లేయర్లు దాంతో పెద్ద కార్డును కూడా చదువుతాయి. 32 జీబీ వరకే అని మాన్యువల్‌లో రాసి ఉంటే మాత్రం చిన్న కార్డు కొనడమే క్షేమం.

ప్రశ్న: పాటలు ఎక్కించాక సేఫ్లీ రిమూవ్ నొక్కాలా? ఇప్పుడు అవసరం లేదని మా అమ్మాయి అంటోంది. — ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పింది కొంతవరకు నిజమే. విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి పెన్‌డ్రైవ్‌లాంటివాటికి వెంటనే తీసేయగలిగే పద్ధతి మామూలుగానే పెట్టి ఉంటుంది. అయినా ప్లేయర్ విషయంలో నొక్కండి. కాపీ గీత నిండిపోయినా, రాయడం ఇంకా మిగిలి ఉండవచ్చు. ఆ క్షణంలో లాగేస్తే పాటల జాబితా పాడై, మరుసటిసారి అదే ఫార్మాట్ ప్రశ్న ఎదురవుతుంది. ప్లేయర్ తెర మీద రాస్తున్న గుర్తు ఆగేదాకా చూసి, సేఫ్లీ రిమూవ్ నొక్కి, తీయవచ్చని చెప్పాక కేబుల్ తీయండి.